నిన్న ఆపిన చోటు నుంచి

ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి షాద్‌నగర్ నుంచి స్టాఫ్ బస్సులో పోయేవాళ్లం. మాలో ఒక పెద్దక్క ఉండేది. ఎవరైనా పాత వాదన ఎత్తుకుంటే చెయ్యెత్తి ఆపేది.

"గా మాట నిన్ననే అయిపాయె. దాని తర్వాతది చెప్పు."

నాకు ఒళ్లు మండేది. నా బిడ్డ రాజేంద్రనగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటానంది, నేను వద్దన్నాను. బస్సెక్కగానే మొదలుపెట్టేదాన్ని. ఒక రోజు మళ్లీ అదే అన్నాను.

"ఆడపిల్లను గంత దూరం ఎట్ల పంపాలె అక్కా?"

"దూరం సోమవారమే అయిపాయె. హాస్టల్ తిండి నిన్న అయిపాయె. ఇగ తర్వాతది చెప్పు."

శంషాబాద్ వచ్చేదాకా వెతుక్కున్నాను. చెప్పడానికి ఒక్కటే మిగిలింది.

"అది పోతే ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరక్కా?" అంటూనే ఏడ్చేశాను.

పెద్దక్క చెయ్యి ఈసారి పైకి లేవలేదు. నా చేతిమీద వాలింది.

"గీ మాట నాకెందుకు? బిడ్డకు చెప్పు."

చెప్పాను. బిడ్డ నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత హాస్టల్లో చేరింది. పెద్దక్క పని మానేసి చాలా రోజులైంది. ఇప్పటికీ బిడ్డ ఫోన్ చేస్తే "గంత దూరం" అని నోటిదాకా వస్తుంది. మింగేసి అంటాను:

"నువ్వు లేక ఇల్లంత చిన్నబోయింది బిడ్డా."