గ్లెనిస్ రాసిన ఒక్క వరస

టాస్మేనియా ద్వీపం ఉత్తర తీరంలోని ఒక ఊరి ఆసుపత్రిలో గ్లెనిస్ ట్రెగెన్జా పంతొమ్మిదేళ్లుగా ఉద్యోగుల డైరెక్టరీ చూసుకుంటూ ఉండేది. రెండువేల మూడువందల మంది పేర్లు, గదులు, ఫోన్ నంబర్లు. ఒక్కొక్కటీ తెరిచి దిద్దడం ఆమెకు గిట్టదు. అంతా ఒక ఫైల్లోకి దింపి, నల్లటి తెరమీద ఒక్క వరస కమాండు కొట్టి, వెయ్యి నంబర్లు ఒక్క దెబ్బకు మార్చేసేది.

మే నెలలో ఆసుపత్రికి కొత్త ఫోన్లు వచ్చాయి. 41తో మొదలయ్యే లోపలి నంబర్లన్నీ 61 కావాలి. శుక్రవారం ఆ వరస రాసింది, పది పేర్లమీద సరిచూసింది, ఎక్కించేసింది. లోపలి నంబర్లకు నాలుగే అంకెలు. నంబరు అక్కడితో అయిపోవాలని చెప్పే గుర్తు మాత్రం ఆ వరస చివర పెట్టలేదు.

సర్జన్ ఓర్లా మొబైల్ నంబరును ఎవరో ఎప్పుడో మొదటి సున్నా లేకుండా ఎక్కించారు. సున్నాను ఫోనే కలుపుకునేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అదీ 41తోనే మొదలైంది, దాంతో లోపలి నంబర్లతోపాటు అదీ 61 అయిపోయింది.

శనివారం పొద్దున కెల్విన్ పర్టన్ అనే కలప కోతమిల్లు పనివాణ్ణి కడుపులో రక్తం కారుతుండగా తెచ్చారు. నర్సులు ఓర్లాకు ఆరుసార్లు ఫోన్ చేశారు. అలాంటి నంబరే లేదంది ఫోను. చివరికి ఒకామె కారేసుకుని డాక్టరింటికి పరుగెత్తింది. నలభై నిమిషాలు పోయాయి. కెల్విన్ కూడా పోయాడు.

సోమవారం గ్లెనిస్ పాత ఫైలునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఓర్లా నంబరు కనబడగానే రెండు ఫైళ్లూ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

మేనేజర్ డెస్మండ్ తలుపు మూశాడు. "సున్నా మింగినవాడిది తప్పు. నువ్వు నోరు మెదపకు, గ్లెన్."

"వాడు మింగి తొమ్మిదేళ్లయింది, డెస్. శుక్రవారం దాకా మోగింది ఆ ఫోను."

"పిచ్చిదానా, రిటైర్మెంటుకి రెండేళ్లేగా నీకు!"

"కెల్విన్‌కీ అంతే ఉండుంటుంది."

విచారణలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం పోయింది. డెస్మండ్ మళ్లీ పలకరించలేదు.

విచారణ రోజున, అంతా విన్న కెల్విన్ భార్య నోలీన్ బయట వరండాలో ఆమెను ఆపింది. "నువ్వు పెట్టని ఆ గుర్తేదో నాకు చూపించు."

గ్లెనిస్ కాగితం తీసి, ఆ వరస రాసి, నంబరు ఇక్కడితో సరి అని చెప్పే డాలర్ గుర్తు చివర పెట్టింది.

నోలీన్ ఆ గుర్తుమీద వేలు పెట్టింది. "ఇంతేనా?"

"ఇంతే."

"క్షమించానని మాత్రం అనను," అంది నోలీన్. "కానీ నిజం చెప్పింది నువ్వొక్కదానివే." కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.