పచ్చలైటు వెలిగిన శనివారం

పేటెంట్ అన్న మాట చెవిన పడగానే మీ బుర్ర ఎందుకు పనిచేయడం మానేస్తుంది?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వనపర్తి దుకాణాల్లోకి వచ్చిన రోజులు. మా మేనత్తకు షుగర్. ఆమె కొడుకు, అంటే మా బావ, వీధి చివర మోటార్లు బాగుచేసేవాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఏజెంటు అతనికి మందుల డబ్బా ఒకటి అంటగట్టాడు. వేళకు అది కూస్తుంది. మూత తీసి గోళీ తీసుకుంటే, తీగ లేకుండానే బావ దుకాణంలో పచ్చలైటు వెలుగుతుంది. తీసుకోకపోతే ఎర్రలైటు.

"పేటెంట్ ఉంది సార్," అన్నాడు ఏజెంటు, తాయెత్తు చూపించే సాధువులాగా. బావ మొహం వెలిగిపోయింది. పేటెంట్ అంటే ఆ ఉపాయాన్ని ఇంకొకడు నకలు కొట్టకూడదనే హక్కు. అంతే. అది మనిషికి మేలు చేస్తుందని ఎవరూ పూచీ పడరు. ఈ ముక్క చెబితే బావ నన్ను చూసి నవ్వాడు.

"నీకు దేవుని మీద నమ్మకం లేదు, మిషన్ మీద నమ్మకం లేదు. ఇంక దేని మీదుందిరా బామ్మర్ది?"

డబ్బాకు బీచుపల్లి ఆంజనేయుడి సింధూరం కూడా పెట్టాడు.

అత్త శనివారం ఒక్కపొద్దు ఉండేది. పొద్దు గూకేదాకా ఏమీ తినదు, షుగర్ గోళీ కూడా వేసుకోదు. ఎవరూ చెప్పకుండానే చేసుకున్న ఆ ఏర్పాటును డబ్బా చెడగొట్టింది.

ఆ శనివారం నేను వెళ్లేసరికి అత్త గోడకు ఆనుకొని చెమటలు కక్కుతోంది. చేతులు వణుకుతున్నాయి.

"తినకుండ గోళీ మింగినవా అత్తా?"

"కూస్తనే ఉండె బిడ్డా. మింగకుంటే వానికి ఎర్రలైటు వెలుగుతది. దుకాణం ఇడ్సిపెట్టి ఉరికొస్తడు."

"మూత తీసి గోళీ పారేస్తే అయిపోతుండె గదా."

"ఒక్కపొద్దు నాడు కొడుకును మోసం జెయ్యాల్నా?"

ఖాళీ కడుపున ఆ గోళీ పడితే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. చక్కెర నీళ్లు కలిపి తెస్తే మొహం తిప్పుకుంది. గోళీ తిండి కాదట, చక్కెర తిండట. వాదించడానికి వ్యవధి లేదు. "నువ్వు పడిపోతే నీ కొడుకు దుకాణం మూసి దవాఖానలనే కూసుంటడు," అన్నాను. అప్పుడు తాగింది. కాసేపటికి వణుకు తగ్గింది.

కబురు అంది వచ్చిన బావ తల్లి నుదురైనా ముట్టి చూడలేదు. "పచ్చలైటే ఉండె గదా," అన్నాడు రెండుసార్లు. తర్వాత వచ్చిన ఏజెంటు డబ్బాను అటూ ఇటూ తిప్పి, యంత్రం సరిగ్గానే పనిచేసిందని తేల్చాడు. నిజమే. అత్త గోళీ తీసుకుందని అది చెప్పింది. కడుపులో అన్నం ఉందా అని అడగాల్సిన బుద్ధి డబ్బాకు లేదు, దాన్ని అమ్మినవాడికి లేదు, కొన్నవాడికీ లేదు. ఆంజనేయుడి మాట నేను ఎత్తను, ఆయన కనీసం కూయలేదు.

చివరికి నేనే అత్తను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఉపవాసం సంగతి ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

మీ ఇంట్లో షుగర్‌తో ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఉన్నారు. కాదనకండి. ఈ శనివారం రాకముందే వాళ్లను డాక్టరు ముందు కూర్చోబెట్టి, తినని రోజు ఏ గోళీ ఎంత వేసుకోవాలో, ఏది మానాలో మీ నోటితో అడగండి. ఇవాళే వెళ్లండి.