ఆపరేటరమ్మ రాసిన ఒక్క వరుస

ఆమెది అజాగ్రత్త అని రాసింది మీరే. పోయిన వారం రాయకోటలో ఆమె చనిపోయిందని తెలియగానే "మన కేంద్రానికి ఎంతో సహకరించిన మంచి మనిషి" అని సంతాపం రాసిందీ మీరే. హోసూరు కంప్యూటర్ కేంద్రంలో ఆమెతో, నాతో పనిచేసిన పాత మిత్రులారా, ఆమె మీకు సహకరించలేదు. మీ తప్పు దిద్దింది.

రెండువేల తర్వాతి తొలి ఏళ్ళవి. కంప్యూటర్లను వరసగా బిగించి, సూపర్ కంప్యూటర్ అని పేరు పెట్టుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్ళం. వానలను లెక్కగట్టే ప్రోగ్రాం అందులో నడవాలి. దానికి వందల ఫైళ్ళు. ఒక్కొక్కటిగా బిల్డ్ చేస్తే, అంటే యంత్రం నడపగలిగే రూపంలోకి మారిస్తే, రోజంతా పడుతుందని అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం. ఒకరోజు పూర్తయ్యేది, ఒకరోజు మధ్యలో ఆగిపోయేది. ఆగితే పెద్ద సారు మొదలు నా దాకా అందరిదీ ఒకటే విద్య: "ఇంకోసారి కమాండ్ కొట్టమ్మా." రెండోసారికి అయ్యేది. టీకి పోయేవాళ్ళం. డాక్టరేట్ల తెలివి అంతవరకే.

బేరిగైలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన మా కాంట్రాక్టు ఆపరేటరమ్మకు అది మింగుడుపడలేదు.

"అయింది కదమ్మా, ఇంకేమి?" అన్నాను.

"సాయంత్రం మందను ఎంచితే లెక్క సరిపోయిందనుకోప్పా. పక్కోళ్ళ గొర్రె ఒకటి దూరి, మనది ఒకటి యాడో నిలిచిపోయి ఉంటే? లెక్క సరే. మంద సరా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ నెలలోనే ఒకే సమాచారానికి రెండు రోజుల్లో రెండు రకాల వాన లెక్క వచ్చింది. "ఆపరేటర్ అజాగ్రత్త" అని మెమో ఇచ్చారు. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. ఆ మెమో ఉంటే మళ్ళీ తీసుకోరు. దాన్ని టైపు చేసింది నేను.

ఆమె మునుపటి బిల్డులో తయారైన పాత ఫైళ్ళన్నీ చెరిపి మొదటినుంచి బిల్డ్ చేసేది. ఎక్కడ ఆగిందో పొడుగు నోటుబుక్కులో రాసేది. మళ్ళీ చెరిపేది. ఆగినప్పుడల్లా ఒకే ఫైలు దగ్గర ఆగుతోంది. దానికంటే ముందు ఇంకొకటి తయారు కావాలి. ఆ సంగతి మాత్రం ఏది ముందో ఏది వెనకో చెప్పే మేక్‌ఫైల్‌లో ఎవరూ రాయలేదు. రెండూ ఒకేసారి పరుగెత్తితే ఏది ముందొస్తే అది. రెండోసారి కొట్టేసరికి మొదటిది తయారై ఉంటుంది కాబట్టి సాగిపోయేది. ఒక్కోసారి పోయిన నెల మిగిలిన పాత ఫైలునే కలుపుకుని, తప్పు లెక్కతో, ఏ ఫిర్యాదూ లేకుండా పూర్తయ్యేది.

చివరికి ఆమె ముందు తయారు కావలసిన ఫైలును ఒక్క నిమిషం ఆగి మొదలుపెట్టమని కావాలనే రాసింది. ఇక చెరిపి బిల్డ్ చేసిన ప్రతిసారీ పడిపోయింది. పెద్ద సారును పిలిచి చూపించింది.

"నువ్వే పడగొట్టినావు కదమ్మా?"

"అవును సార్. నేను అనుకున్నప్పుడల్లా పడగొట్టినానంటే, తప్పు యాడుందో తెలిసినట్లే కదా."

మొదటిది తయారయ్యాకే రెండోది మొదలుకావాలని మేక్‌ఫైల్‌లో ఒక్క వరుస చేర్చింది. ఆ నిమిషం ఆలస్యం అలాగే ఉంచి చూపించింది. ఇక పడలేదు. సారు తల ఊపి, ఆ వరుస పక్కన తన పేరు రాసుకున్నాడు. మెమో మాత్రం ఆమె ఉద్యోగ ఫైల్లోనే ఉంది. నెలాఖరుకు కాంట్రాక్టు ముగిసి ఆమె రాయకోటకు పోయింది. బస్సు దగ్గర ఒక్కమాటే అంది: "పోనీలేప్పా, పాతవి చెరపకుండా మాత్రం కొట్టొద్దని చెప్పు." నేను చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

సంతాప సభ ఎవరికి కావాలి? ఇవి చేయండి:

మెమో రద్దు చేసి, ఆ కాగితం ఆమె కూతురి చేతికి ఇవ్వండి.

ఆ వరుస పక్కన పెద్ద సారు పేరు తీసి ఆమె పేరు రాయండి.

పాత ఫైలు కలిసిన వాన లెక్కల్లో ఏవి అచ్చయ్యాయో బయటపెట్టండి.

బిల్డ్ ఎందుకు పడిందో రాయనిదే రెండోసారి కొట్టకండి.

రద్దు కాగితంలో, మెమో టైపు చేసి నోరు మూసుకున్నవాడిగా నా పేరు రాయండి.