ఫొటోగా వచ్చిన ఉత్తరం

మా ఆఫీసులో అందరూ ఉత్తరాలను ఫొటో తీసి పంపుతారు. నేను మాత్రం టైపు చేసే పంపుతాను. అందుకు కారణం ఒక బస్సు ప్రయాణం.

గార్లదిన్నెలో తెల్లకర్రతో బస్సెక్కిన ఒక వ్యక్తి నా పక్కన కూర్చుని, కండక్టరుకు వికలాంగుల పాసు చూపించాడు. ఆపైన చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోను మీద చకచకా వేళ్లు కదిలించసాగాడు. చూపు లేనివాడికి ఫోనుతో ఏం పని అన్న అనుమానం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాడిని నేను. తప్పు కనబడితే చెప్పడం బాధ్యత అనుకునేవాడిని.

"ఇతనికి చూపున్నట్టుంది, పాసు మళ్లీ పరిశీలించండి" అని కండక్టరుకు మెల్లగా చెప్పాను.

అతను విని, ఫోనుకున్న ఇయర్‌ఫోను పీకేశాడు. ఫోను గబగబా మాట్లాడుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది.

"ఇందులో ఉండేదంతా ఇదే చదివి చెప్తాదప్పా. నాకు వెలుగెందుకు?"

కండక్టరు నవ్వి వెళ్లిపోయాడు. నేను క్షమాపణ కోరాను. అతను తెర వెలిగించి, ఫోను నా వైపు చాచాడు.

"నన్నంత బాగా చూసినావు కదా, దీన్ని కూడా చూడు. ఇంటర్వ్యూ కాగితం ఫొటో తీసి పంపినారు. ఫొటో అని తప్ప ఇది ఇంకేమీ చెప్పల్యా. యాడికి పోవాల్నో, ఎన్ని గంటలకో చదువు."

పదకొండు గంటలకు, పాత భవనం, రెండో అంతస్తు. ఒక్క అక్షరం వదలకుండా చదివాను. అతను తల ఊపి, ఫోను తీసుకుని గొంతెత్తాడు.

"కండక్టరన్నా, నువ్వు కూడా ఒకసారి చదువు."

కండక్టరు వచ్చి అదే చదివాడు. అప్పుడు గానీ అతను ఫోను జేబులో పెట్టుకోలేదు.