ఓంకార్ ఫోన్‌లో మొదటి పేజీ

మా సడ్డకుడు ఓంకార్‌కు ఇద్దరంటే పడదు. తన డిజైన్ చూసి ఎత్తుకుపోయేవాడు ఒకడు, తన డిజైన్ వైపు కన్నెత్తి చూడనివాడు ఇంకొకడు. ఈ రెండు కోపాలూ ఒకే మనిషిలో ఉంటే ఇంట్లోవాళ్లు పడే పాట్లు దేవుడికెరుక.

నా పేరు రాంచందర్. ఆర్టీసీలో కండక్టర్‌ను, వరంగల్ నుంచి నెక్కొండ రూటు. ఓంకార్ భార్య అనసూర్య, నా భార్య పద్మ అక్కచెల్లెళ్లు. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. అత్తగారింట్లో ముందు కంచం ఆయనకు పెడతారు. ఆయన అలిగితే బతిమాలుకొచ్చే పని మాత్రం నాది.

ఓంకార్‌ది వరంగల్‌లోని కొత్తవాడ. జంపఖానాలు నేయించడం వాళ్ల నాయన నాటి నుంచి వస్తున్న పని. ఒకప్పుడు ఇంటినిండా మగ్గాలే, మధ్యలో నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. మిషన్ మీద నేసిన చవక సరుకు బజారు నిండాక నేతగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకాయన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయ్యాడు, ఇంకొకాయన ఆటో కొనుక్కున్నాడు. చివరికి మిగిలింది పోశయ్య ఒక్కడే. ఇనుప పళ్ల పంజాతో పేక పోగును కొట్టి కొట్టి కుడి భుజం రాయిలా తయారైన మనిషి. ఆయన నేసిన జంపఖానా తాత పెళ్లికి కొంటే మనవడి పెళ్లికి కూడా పరుస్తారు. ఓంకార్‌కూ నేత వచ్చు కానీ, నడుము ఆపరేషన్ అయ్యాక మగ్గం ముందు కూర్చోలేడు. పోశయ్య వెళ్లిపోతే ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఇక ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అందుకే పోశయ్య ఒకరోజు అడిగేశాడు. "సేటూ, ముంగట పని ఉంటదా ఉండదా? జర సక్కగ చెప్పు. లేకుంటె నేను ఇంకో తొవ్వ చూసుకుంట."

"ఫికర్ చెయ్యకు పోశన్నా. వెబ్‌సైట్ పెడ్తాన. ఢిల్లీ, బొంబాయి సంది ఆర్డర్లు వత్తయి. నీకు ఊపిరి సలుపది చూడు" అన్నాడు ఓంకార్.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సైట్ పుట్టకముందే దానికి పేరు సిద్ధమైంది. ఓరుగల్లు హెరిటేజ్ వీవ్స్. ఆ పేరు నోరు తిరగక మేమంతా వెబ్‌సైట్ అనే అనేవాళ్లం. హనుమకొండలో మేడమీద ఆఫీసు పెట్టుకొని వెబ్‌సైట్లు తయారుచేసే విజయ్‌కుమార్ అనే అతనికి పని అప్పగించాం. అక్కడే మా సడ్డకుడు తన బుద్ధి చూపించుకున్నాడు.

కొత్తవాడలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద కొత్త డిజైన్ ఉన్నప్పుడు ఇంకో సేటు గడప తొక్కితే, "రా అన్నా, కూసో" అంటూనే పాత దుప్పటి లాగి మగ్గం మీద కప్పేస్తారు. వచ్చినవాడు నొచ్చుకోడు. వాడింటికి మనం పోయినా అదే మర్యాద. చాయ్ పోస్తారు, పిల్లల చదువులు అడుగుతారు, డిజైన్ మాత్రం చూపించరు. ఓంకార్ గీసిన చేపముల్లు అంచును ఎవరో ఓరకంట చూసి వారం తిరగకముందే నేసేశారు. అప్పటినుంచి ఆయన కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషిని చూసినా దుప్పటి కప్పుతాడు.

"సారూ, డిజైన్ల పేజీకి తాళం ఎయ్యాలె. కొనేటోడు ఫోన్ చేత్తెనే తియ్యాలె. కొత్తవాడోల్లకైతె అస్సలు కనవడొద్దు" అన్నాడు విజయ్‌కుమార్‌తో.

ఆ మహానుభావుడు వద్దు అనలేదు. "ఓకే సార్" అన్నాడు. మడతపెట్టిన జంపఖానాల దొంతర ఫొటో ఒకటి, కింద 'డిజైన్ల కొరకు ఫోన్ చేయండి' అనే ముక్క, అంతే. అదీ మా వెబ్‌సైట్.

ఇక రోజూ ఇదే తంతు. ఓంకార్ స్నానం చేసి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, ఫోన్ తీసి 'వరంగల్ జంపఖానా' అని గూగుల్‌లో కొట్టేవాడు. మొదట్లో మన సైట్ ఎక్కడా లేదు. పేరు కొట్టి మరీ దాన్ని తెరిచి చూసుకునేవాడు. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి. కొన్నాళ్లకు ఒక పొద్దున ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. మొదటి పేజీలో మొదటిది మాదే! పేడాలు తెప్పించి వాడంతా పంచాడు. పోశయ్య చేతిలో రెండు పెట్టాడు.

"పోశన్నా, ఫస్టు వచ్చినం!"

"మంచిదే సేటు. మరి నూలు ఎప్పుడు తెత్తాన్నవ్?" అన్నాడు పోశయ్య.

నూలు తేవాలంటే ఆర్డర్ రావాలి. ఆర్డర్ రావాలంటే ఫోన్ మోగాలి. ఫోన్ మోగలేదు. ఓంకార్ సిగ్నల్‌ను తిట్టాడు, సిమ్ము తీసి తుడిచి పెట్టాడు, ఫోన్ పట్టుకొని మిద్దె ఎక్కి నిలబడ్డాడు. నాకు అనుమానం వచ్చింది. మరునాడు బస్సులో టికెట్లు కొట్టడం అయ్యాక ముందు సీట్లో ఉన్న టీచరమ్మను బతిమాలి ఆమె ఫోన్‌లో వెతికించాను. లేదు. ఎరువుల దుకాణం ఆయన ఫోన్‌లో చూశాను. లేదు. ఆయన ఓపిగ్గా పేజీ తర్వాత పేజీ తిప్పుతూ పోతే, మనిషన్నవాడు వెళ్లని చోటెక్కడో కింద మా దొంతర ఫొటో కనిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావాడు గెలిచింది సొంత ఫోన్‌లోనే.

సాయంత్రం పోయి చెబితే నా మీదే విరుచుకుపడ్డాడు. "నీ బస్సుల ఏం సక్కగ ఉంటదని ఇది ఉంటది?" అన్నాడు. అనసూర్య వదిన తన ఫోన్ తీసి వెతికింది. అందులోనూ లేదు.

"పొద్దుమాపు నువ్వే పోయి దాని తలుపు కొడ్తాన్నవ్. నీకు గాక ఎవలకు తీత్తది?" అంది వదిన.

ఇద్దరం హనుమకొండ పోయి విజయ్‌కుమార్‌ను నిలదీశాం. అతను కుర్చీలో వెనక్కి వాలి, రోజూ తెరిచేది మీరే కాబట్టి మీ ఫోన్‌లోనే ముందు వస్తుందని, వదిన చెప్పిన మాటే ఇంకాస్త ఇంగ్లీషు కలిపి చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "సార్, సైట్‌ల ఏమున్నదని పైకి వస్తది? డిజైన్లన్నీ తాళం ఏసిన పేజీల పెట్టినం. జనాలనే కాదు, గూగుల్‌ను కూడా లోపలికి రానిస్తలేం. అది చూడంది జనానికేం చూపిస్తది?"

"గూగుల్‌ను ఎవడు ఆపమన్నడు? నేను ఆపమన్నది కొత్తవాడోల్లను!"

"కొత్తవాడోల్లకు ఒక తలుపు, లోకానికి ఒక తలుపు ఉండదు సార్."

"ఈ మాట మొదలే చెప్పొద్దా మరి?" అని నేను బల్ల మీద గుద్దాను. "మీరు అడగలే కద సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అడగడానికి అసలు అడగాలని తెలిసుండాలి కదా! బస్సు ఎటు పోతుందో బోర్డు పెట్టకుండా, ఎక్కినవాళ్లు అడగలేదని నేనంటే ఊరుకుంటారా?

ఓంకార్ దారంతా ఒకటే గొణుగుడు. "చూపెడితే దొంగలెత్తుకపోతరు. చూపెట్టకుంటె ఎవ్వడు కొనడు. ఇదేం న్యాయం రాంచందర్?" నాకూ ఏడుపు వచ్చినంత పనైంది. తాళం తీయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఉలిపికట్టె మనిషి.

ఈలోగా మగ్గం మీది పడుగు అయిపోయింది. పోశయ్య రోజూ వచ్చి గడప మీద కూర్చొని, చాయ్ తాగి వెళ్లేవాడు. ఆయన్ని చూడలేక ఓంకారే అన్నాడు, "కొన్నొద్దులు రాకు పోశన్నా. ఆర్డర్ రాంగనే నేనే పిలుస్త." పోశయ్య లేచాడు. లోపలికి పోయి, మగ్గం పక్కన మేకుకు వేలాడే తన పంజా తీసి సంచిలో వేసుకున్నాడు. నేతగాడు సెలవుకు పోతే పంజా వదిలే పోతాడు. వెంట తీసుకుపోయాడంటే మళ్లీ రానట్టే. వదిన వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

మర్నాడు ఓంకార్ దాచిన జంపఖానాలన్నీ మిద్దె మీదికి మోయించాడు. ఎండలో ఒక్కొక్కటి విప్పి పరిచాడు. చుట్టుపక్కల మిద్దెల మీద ఆడామగా నిలబడి చూస్తున్నా తల తిప్పలేదు. విజయ్‌కుమార్ వచ్చి ఫొటోలు తీశాడు. ఏ రంగు ఎలా అద్దుతారు, ఏ అంచు ఎలా నేస్తారు అని ఓంకార్ చెబుతుంటే నేను రాసిపెట్టాను. తాళం తీశారు. "సైట్‌ల ఇంటి ఫోన్ నంబర్ వద్దు సార్, యాపారానికి వేరే నంబర్ పెడదాం" అని విజయ్‌కుమార్ అంటే, కొత్త సిమ్ తీసి అది పెట్టాం.

ఇంత చేసినా రాత్రికి రాత్రి ఏమీ జరగలేదు. నెలలు గడిచాయి. నేను బస్సులో ఎవరో ఒకరి ఫోన్ అడుక్కుంటూనే ఉన్నాను. "ఈ కండక్టర్‌కు పిచ్చి లేసింది" అని నెక్కొండలో ఎక్కేవాళ్లు నవ్వుకునేవాళ్లు. మాది పేజీ పేజీ ఎగబాకుతూ, చివరికి పరాయి ఫోన్‌లో కూడా మొదటి పేజీకి చేరింది. ఆ వార్త చెప్పడానికి పోతే ఓంకార్ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పక్క సందులో ఆయన డిజైనే, ఆయన రంగులే, ఎవరో నేసి దండెం మీద ఆరేశారట. తిట్టలేదు, అరవలేదు.

ఆ ఆదివారం నేను వాళ్లింటికి పోయినప్పుడు, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక కొత్త నంబర్ మోగింది. ఓంకార్ చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, మేమంతా వినాలని స్పీకర్ పెట్టాడు.

"హలో... సారూ, జంపఖానాలు నేపిచ్చేది మీరేనా? ఫోన్‌ల కొడితె మీ పేరే ముందుగాల వచ్చిందట. మా బిడ్డ కలిపిచ్చింది."

ఆ గొంతు ఎవరిదో మా ముగ్గురికీ తెలిసిపోయింది.

"నాకు పంజా పని వత్తది సారూ. చిన్నప్పటిసంది అదే పని. మా సేటు కాడ పని బందయ్యింది. ఆయన్ను అనేదేం లేదు, మంచోడే. ఆర్డర్లు రాక ఆయనేం చేత్తడు? మీ కాడ ఏమన్న పని ఉంటదేమో అని..."

వదిన గోడకు ఆనుకుంది. ఓంకార్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సారూ, ఉన్నరా?"

"ఉన్న. పని ఉన్నది" అన్నాడు ఓంకార్ చివరికి.

"సల్లగుండు సారూ. అడ్రస్ చెప్పున్రి, మా బిడ్డ రాసుకుంటది."

"రాసుకునుడెందుకు పోశన్నా? నీకు ఎరుకైన ఇల్లే."



"సేటూ, నువ్వా? ఆర్డర్లు వచ్చినయా మరి?"

"రాలే పోశన్నా. ఇంత చేత్తె వచ్చిన ఫోను నీదొక్కటే. నువ్వయితె రా."