తీపి మిరప అని ఇచ్చిన గింజ

తీపి మిరప గింజలని చెప్పి, వాటిలో కారం కాసే గింజలు కలిపి నాకు ఇచ్చారు. ఆ గింజల నారు ఒక రోగి ఇంటికి వెళ్ళింది. ఇచ్చినవాడు చూసుకోక ఇవ్వలేదు, కలిపిన సంగతి తెలిసే ఇచ్చాడు. పైగా పదిమందికి మేలు చేశానని అనుకున్నాడు. జరిగిన అన్యాయం ఇదీ.

కరోనా సద్దుమణిగాక రెండో ఏడు. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురు ఒడ్డున, బాంబూఫ్లాట్‌లో జెట్టీకి ఎగువన, మా ఇంటి పక్క జాగాలో నా నారుమడి. వంగ, టమాటా, మిరప, క్యాబేజీ నారు పెంచి అమ్మడమే నా బతుకు. బళ్ళో నేర్చుకున్నది తక్కువ. ఎరువు సంచుల మీద, గింజల ప్యాకెట్ల మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, తప్పులు చేసి, నష్టపోయి నేర్చుకున్నదే ఎక్కువ.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక్క సంగతి ముందు చెప్పాలి. హైబ్రిడ్ గింజ అంటే రెండు వేరు వేరు రకాలను ఎంచి, సంకరం చేసి తీసిన మొదటి తరం గింజ. సీలు ప్యాకెట్టులోంచి వచ్చిన ఆ మొదటి తరమే మాట మీద నిలబడుతుంది. దాని కాయ కోసి, మనం గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే ఒకటి తాతను పోలి, ఒకటి ముత్తవ్వను పోలి పుడతాయి. పక్కన కారం మిరప మొక్క ఉందంటే మరీ ప్రమాదం. తేనెటీగ దాని పుప్పొడి మోసుకొస్తుంది. ఆ ఏడు కాయ తియ్యగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆ కాయలోని గింజ మొలిచి, పెరిగి, కాసినప్పుడు కారం బయటపడుతుంది. గింజ చూసి చెప్పలేవా అని నన్నడిగినవాళ్ళున్నారు. చెప్పలేను. నారు చూసీ చెప్పలేను. కొరికితేనే తెలుస్తుంది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో వండూర్ నుంచి సింహాచలం, అతని భార్య పైడమ్మ వచ్చారు. సింహాచలం బోట్లమీద సారంగుగా, అంటే బోటు నడిపేవాడిగా, చేసి రిటైరైనవాడు. నాకు వరసకి బావ. నోట్లో కేన్సరు పుండు లేచి, మదరాసు తీసుకెళ్ళి కరెంటు వైద్యం చేయించారు. ప్రాణం నిలిచింది గానీ నోరు పచ్చిగానే ఉండిపోయింది. మాట మెల్లగా వచ్చేది.

"బావా, కారం లేని మిరపకాయ ఉంటాదటగా?"

"ఉంటాది. క్యాప్సికం. మరీ పెద్ద కాయలు కాసేది హైబ్రిడ్ రకం. పండితే ఎర్రగా తియ్యగా ఉంటాది."

"వాసనో?"

"వాసన మిరపకాయదే."

"మరింకేటి కావాల!" అన్నాడు.

పైడమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఏడాదై పెరుగన్నం, అరటిపండు, అంతే అన్నయ్యా. మొన్న సాంబారులో రవ్వంత కారం తగిలితే మంచినీళ్ళు కూడా దిగలేదు. డాక్టరుగారు ఏటన్నారంటే, మళ్ళీ పుండు రేగిందంటే ముక్కులోంచి గొట్టం పెట్టీడమేనట. గొట్టమంటే ఈయన మదరాసులో ఎంత గోల పెట్టాడో నాకు తెలుసు. నువ్వు ఖచ్చితంగా చెప్పు. కారం ఉండదు కదా?"

"ఉండదు," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

బజార్లో క్యాప్సికం దొరకదా అంటే దొరుకుతుంది. మదరాసు నుంచి వచ్చి ఓడ దిగేసరికి తొక్క సాగి, గోరు గుచ్చితే నీరు కారుతుంది. సింహాచలానికి మొక్క మీద కోసింది కావాలి. ఏడాదిగా తిండంటే భయపడుతున్న మనిషి ఒక కాయ మీద మనసు పెట్టుకున్నాడు. కాదని ఎవరంటారు?

గింజల కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. నేను ఎప్పుడూ కొనే షాపు రమణది. అతని తండ్రి నాటి నుంచీ నాకు ఆ షాపు తెలుసు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి ఆ నెల ఓడ రాలేదు. మా దీవుల్లో హైబ్రిడ్ గింజలు ప్యాకెట్టు ప్యాకెట్టుగా కొనేవాళ్ళు తక్కువ. షాపువాడే ప్యాకెట్టు కోసి, అడిగినవాళ్ళకి కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. అందరికీ తలా కొంచెం. అది ఇక్కడి పద్ధతి. రమణ కోసిన ప్యాకెట్టు చూపించి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను.

ప్రోట్రేల్లో వేశాను. ప్రోట్రే అంటే గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం, గుంటకో గింజ. కొబ్బరి పొట్టు నింపి, పైన వలకట్టి, వాన చినుకు నేరుగా పడకుండా కాపాడాను. నారు చక్కగా వచ్చింది. పైడమ్మ నాలుగు మొక్కలు తీసుకెళ్ళి బస్తాల్లో నాటింది. మిగతావి ఫెరార్గంజ్ వైపు వాళ్ళూ, మా ఊరివాళ్ళూ పట్టుకెళ్ళారు.

అక్కడినుంచి రోజూ ఫోనే. "అన్నయ్యా, ఆకు ముడుచుకుంటోంది." "వేప కషాయం కొట్టమ్మా." "అన్నయ్యా, పూత రాలిపోతోంది." "నీళ్ళు ఎక్కువ పోస్తున్నావు, తగ్గించు." వెనకనుంచి సింహాచలం గొంతు వినిపించేది: "మొక్కకి నాకన్నా ఎక్కువ సేవ చేస్తోంది బావా ఇది!" కాయలు చిన్నగా, మూతి కోసుగా ఉన్నాయని పైడమ్మ అన్నప్పుడు, తొలికాపు అలాగే వంకరగా ఉంటుందిలే అన్నాను. నిజంగానే ఉంటుంది. అందుకే నాకూ అనుమానం రాలేదు.

మొదటి కాయ తిన్నాడు. తియ్యగా ఉందట. ఫోనులో ఆ మాట చెబుతూ పైడమ్మ ఆనందం పట్టలేకపోయింది.

తర్వాత ఒకరోజు పొద్దున్నే ఫెరార్గంజ్ నుంచి మీనా దీదీ మా గుమ్మంలో దిగింది. చేతిలో ఒక కాయ. నా దగ్గర నారు తీసుకున్న మనిషే.

"దాదా, యే క్యా దియా? క్యాప్సికం బోలా, మిర్చీ నికలా! క్యాప్సికం అని చెప్పి కారం మిరప ఇచ్చావు! మా అత్తగారు నన్ను తిట్టిన తిట్లు నువ్వు విని ఉండాలి!"

నవ్వుతూనే అంది. నేను కాయ తీసుకుని కొరికాను. నాలిక చివర మండింది, తర్వాత గొంతు మండింది. ఆ మంట దిగకముందే నా కళ్ళ ముందు వండూర్‌లోని బస్తాలు కనిపించాయి. అదే పళ్ళెం. అదే నారు.

పైడమ్మకి ఫోను చేశాను. కలవలేదు. ఆ వైపు సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మళ్ళీ చేశాను. చెప్పులు వేసుకుని జెట్టీకి పరిగెత్తాను. ఫెర్రీ అవతలి ఒడ్డున నిలబడి లారీ ఎక్కించుకుంటోంది. ఎక్కిస్తూనే ఉంది. అంత చిన్న నీటిపాయ నాకు ఎప్పుడూ అంత పెద్దదిగా కనపడలేదు.

నా భయమల్లా మొదటి కాయ తియ్యగా ఉండటమే. అది కారమై ఉంటే నాలికకి తగిలీ తగలగానే ఉమ్మేసేవాడు. తియ్యగా ఉంది కనక నమ్మాడు. నమ్మినవాడు నోటినిండా కొరుకుతాడు. బస్సులో కూచుని ఇదే అనుకున్నాను. పక్కనున్నాయన ఏదో అడుగుతున్నాడు, నేను ఏం జవాబు చెప్పానో తెలీదు. ఫోను కలవడమూ లేదు.

వండూర్‌లో దిగి వాళ్ళ గేటు తియ్యబోతుంటే లోపల్నుంచి దగ్గు వినిపించింది. పైడమ్మ దగ్గు. పొయ్యి దగ్గర ఘాటు ఎక్కితే వచ్చే దగ్గు. తీపి మిరప నూనెలో వేగితే దగ్గు రాదు. ఎవరికీ రాదు.

"పైడమ్మా! పెట్టకు! కంచంలో పెట్టకు!" అని అరుస్తూ లోపలికి వెళ్ళాను.

సింహాచలం కంచం ముందు కూచుని ఉన్నాడు. పెరుగన్నం కలుపుకున్నాడు. పక్కన వేపుడుకి చోటు ఉంచుకున్నాడు. పైడమ్మ గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటి బావా, గొడవాడుకోడానికి వచ్చినట్టు వచ్చీసినావు?" అన్నాడు సింహాచలం.

నేను మూకుట్లోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. కారం. పెరట్లోకి వెళ్ళి నాలుగు మొక్కల నుంచీ ఒక్కో కాయ కోసి వరసగా కొరికాను. రెండు తీపి, రెండు కారం. కారం మొక్కలకి ఎర్ర గుడ్డపీలిక కట్టాను. సింహాచలం గుమ్మంలో నిలబడి, "కస్టమ్సు వాడు సరుకు చూసినట్టు చూస్తన్నాడే!" అన్నాడు. నవ్వుతున్నాడు గానీ కంచం మీద మూత పెట్టేశాడు.

మూకుడు పట్టుకుని నేను పారబొయ్యబోతే పైడమ్మ అడ్డుపడింది.

"పారబొయ్యకన్నయ్యా. ఇలాగివ్వు."

గుమ్మంలోనే నిలబడి, ఆ వేపుడులో అన్నం కలుపుకుని తినడం మొదలెట్టింది. ముక్కు తుడుచుకుంటూ తింటోంది. ఆయన ముందు కారం తినలేక ఏడాదిగా తనూ పెరుగన్నమే తింటోందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"సిగ్గులేదు దీనికి, నా ఎదురుగానే లాగించేస్తంది!" అన్నాడు సింహాచలం. "ఆ రెండు మొక్కలూ పీకకు బావా. దానికుండనీ."

ఇల్లు చేరేదాకా కూడా ఆగకుండా, నారు తీసుకున్నవాళ్ళకల్లా దారి పొడవునా ఫోన్లు చేశాను. ముందు కొరికి చూడండి, పిల్లలకి పెట్టకండి అని. తర్వాత రమణ షాపుకి వెళ్ళాను.

"ప్యాకెట్టులో ఏం కలిపావురా?"

"ఏమీ లేదు బాబాయ్. మీ వైపు ఉప్పు గాలి కదా, దానివల్ల…"

"ఉప్పు గాలికి నీ కొబ్బరికాయలు కారమవ్వవేంరా?"

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. రమణ నన్ను లోపలికి తీసుకెళ్ళి స్టూలు వేశాడు.

"మా పెరట్లో కాసినవే బాబాయ్. కిందటేడు ఇదే రకం వేశాను, బంగారం లాంటి కాయలు. మా పిల్లలు పచ్చివి తిన్నారు. ఆ గింజలే కలిపాను. డబ్బు కోసం కాదు, ఒట్టు. ఓడ రాలేదు. పడుతూ లేస్తూ బస్సెక్కి వచ్చినవాళ్ళని ఖాళీ చేతుల్తో ఎలా పంపమంటావు?"

"మీ పెరట్లో కారం మిరప ఉందా?"

"లేకుండా ఎలా ఉంటాది?"

"ఖాళీ చేతుల్తోనే పంపాలి."

"మా షాపులో 'లేదు' అన్న మాట లేదు బాబాయ్. మా నాన్న నేర్పలేదు. నీకు తెలీదా?"

తెలుసు. సునామీ అలలు వచ్చిన ఏడు ఆ తండ్రి షాపు ముందు నేనూ నిలబడ్డాను. బెల్లం అడిగితే బెల్లం లేదనకుండా పంచదార పొట్లం చేతిలో పెట్టాడు. కిరసనాయిలు అడిగినవాడికి కొవ్వొత్తి ఇచ్చాడు. ఎవరినీ ఊరికే పంపలేదు. ఆ మనిషిని నేను ఈనాటికీ తలుచుకుంటాను. కానీ పంచదారని చూపించి ఇది బెల్లం అని ఆయన చెప్పలేదు. ఆ తేడా కొడుక్కి తెలియలేదు. నా మంట అదీ.

"మళ్ళీ ఓడ రాకపోతే ఏం చెప్తావు?" అని అడిగాను. టీ తెప్పిస్తానన్నాడు. తాగలేదు. తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే అడిగాను. ఒకసారి చూద్దాంలే అన్నాడు. ఒకసారి ఎరువు బస్తా ఊరికే ఆటోలో వేయించబోయాడు, దింపించేశాను. ఒకసారి ముసలాడికి చాదస్తం ముదిరిందని కుర్చీలోంచే గొణిగాడు. విన్నాను. మళ్ళీ అడిగాను.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకోనిదీ, ఈ ఒక్క సంగతి నేర్పిందీ చెబుతాను. ఇప్పుడు సీలు నా కళ్ళముందు కోస్తేనే గింజ తీసుకుంటాను. కొన్నవాళ్ళని ఇది ఎవరి నోటికమ్మా అని అడిగి గానీ నారు ఇవ్వను. "ఉండదు" అని ఎవరికీ హామీ ఇవ్వను. మొదటి కాయ మంచిదైతే రెండోదాన్ని ఇంకా జాగ్రత్తగా కొరకండి అంటాను.

మరుసటి ఏడు మళ్ళీ అదే కాలం. మళ్ళీ సముద్రం పొంగింది, ఓడ రాలేదు. పైడమ్మకి మొక్కలు కావాలి, సింహాచలం నోరు కొంచెం మానింది. రమణ షాపు ముందు జనం ఉన్నారు. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"క్యాప్సికం గింజ ఉందా?"

రమణ నన్ను చూడలేదు. చేతులు అలవాటుగా పాత పేపరు ముక్క చింపి పొట్లంగా చుట్టేశాయి. పొట్లం ఖాళీగానే ఉంది. నా వెనక ఎంతమంది ఉన్నారో తల ఎత్తి చూశాడు. తర్వాత ఆ కాగితం మడత విప్పి, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేశాడు.

"లేదు, బాబాయ్."