ఒర దాటిన కటారు

మా ముత్తాత నిజాం కాలంలో లక్కడ్‌కోట్ చుట్టూ పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కటారుకు దసరానాడు వెండి నగిషీల ఒరలో ఉండగానే పూజ చేసేవాళ్లం. బయటికి తీస్తే రక్తం చూడనిదే లోపలికి పోదని మా ఇంటి నమ్మకం.

నిరుడు చంద్రపూర్‌లో, బాబుపేట్‌లోని మా అద్దె ఇంటికి దాన్ని కొనడానికి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. ఒరను తిప్పి చూసి నవ్వాడు.

"లోపల కత్తి ఉన్నదా దేశ్‌ముఖ్ సాబ్, ఉత్త ఒరనేనా?"

నాకు రోషం వచ్చింది. "తియ్యకు బిడ్డా!" అని అమ్మ అరుస్తున్నా బలంగా లాగాను. తుప్పుతో బిగుసుకున్న కత్తి ఒక్కసారిగా ఊడివచ్చింది. దాని మొన, చాయ్ తెచ్చిన నా కూతురి గొంతుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. పళ్లెం ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇగ అది ఉత్తగ లోపలికి పోదు. నీ వేలు ఇయ్యి."

ఆ మొనతోనే నా బొటనవేలి మీద గాటు పెట్టుకున్నాను. అంతలో వ్యాపారి ఖాళీ ఒరను గుడ్డలో చుట్టేసుకున్నాడు.

"ఈ వెండి ఒర చాలు సాబ్. గా కత్తి మీకాడనే ఉండనీ."

కటారును నేను నిందించను. దాన్ని లాగింది నా రోషం. ఆ రోజు మేం అమ్మింది ఒర ఒక్కటే.